ఫాదర్ వచ్చేదాకా

మా ఉపదేశమ్మ గురువారం తెల్లవారుజామున బోధన్ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందుగా వచ్చిన ఆలోచన, ఆదివారం ఎట్లా అని. మనిషి పోయిన కబురు విని ఆదివారం గురించి కంగారు పడే మనిషిని మీరు ఏమనుకుంటారో నాకు తెలుసు. కానీ మా చర్చి సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

బోధన్ నుంచి రెంజల్ వెళ్ళే దారిలో, చెరకు చేలు దాటాక మాది చిన్న ఊరు. ఊరి చివర రేకుల కప్పుతో ఒక చర్చి, దాని ముందు పొడుగాటి అరుగు. విచారణ గురువు, అంటే మా ఫాదర్, బోధన్‌లో ఉంటారు. ఆదివారం పొద్దున్నే అక్కడ పూజ చేసి, దారిలో ఇంకో ఊళ్ళో పూజ చేసి, ఆ తర్వాత మోటార్ సైకిల్ మీద మా దగ్గరికి వస్తారు. మాకు చెప్పిన వేళ తొమ్మిది. వచ్చే వేళ దేవుడికే తెలుసు. చెరకు ట్రాక్టర్లు రోడ్డు మీదికి వచ్చే రోజుల్లో దేవుడు కూడా గట్టిగా చెప్పలేడు.

తొమ్మిదికీ ఫాదర్ వచ్చే వేళకీ మధ్య జనాన్ని లేచిపోకుండా కూర్చోబెట్టడమే ఉపదేశమ్మ పని. జీతం లేదు, పదవి లేదు. అసలు ఉపదేశి ఆమె భర్త. మాకందరికీ జపాలు నేర్పింది ఆయనే. ఆయన పోయినప్పుడు, ఇంకొకరు దొరికేదాకా తాళంచెవి నీ దగ్గరే ఉంచమ్మా అన్నారట అప్పటి ఫాదర్. ఇంకొకరు దొరకలేదు. ఆమె ఉపదేశమ్మగానే ముసలిదైపోయింది.

తొమ్మిది కాకముందే గంట కొట్టి అరుగు మీద బాసింపట్టు వేసుకొని కూర్చునేది. పరగడుపున ఉండి పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోవాలని మా పెద్దవాళ్ళ పట్టుదల. వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలిచి, కొంగులోంచి బిస్కెట్లు తీసి చేతిలో పెట్టేది. తినకపోతే తినేదాకా చూసేది. ఎవరైనా రోడ్డు వైపు మెడ చాచి, ఫాదర్ ఇక రాడేమో అని గొణిగితే ఆమె దగ్గర ఒకటే మాట ఉండేది.

"ఫాదర్ వస్తే పూజ, రాకుంటే జపం. దేవుడైతే ఎప్పుడో వచ్చి కూసున్నడు."

మా ఆడవాళ్ళలో చాలామంది బీడీలు చుట్టేవాళ్ళు. ఆకు తడిపి, కత్తిరించి పెట్టుకున్నాక చుట్టి తీరాలి, ఎండితే విరిగిపోతుంది. పూజకు రమ్మంటే ఆకు ఎండుతుందని, ఆకు చూసుకుంటే పూజ పోతుందని వాళ్ళ బాధ. దానికి ఉపదేశమ్మ కనిపెట్టిన మార్గం, ఆకూ తంబాకూ పోసుకొని చుట్టే చాటలను కూడా చర్చికి తెమ్మనడం. అరుగు మీద ఒళ్ళో చాట, చేతిలో ఆకు, నోట్లో జపమాల. మోటార్ సైకిల్ చప్పుడు వినగానే అందరూ చాటలు గోడవారగా పెట్టి, బోరింగు దగ్గర చేతులు కడుక్కొని లోపలికి వెళ్ళేవారు. చూసి నవ్వేవాళ్ళు నవ్వారు. జనం మాత్రం కూర్చున్నారు.

ఇప్పుడున్న ఫాదర్ కొత్తగా వచ్చినప్పుడు ఈ ఏర్పాటు ఆయనకు కంటగింపు అయింది. ఇది చర్చా, కార్ఖానానా అని అడిగి, ఇకమీదట చాటలు కనిపించకూడదన్నారు. మరుసటి ఆదివారం చాటలు కనిపించలేదు, వాటితోపాటు ఆడవాళ్ళూ కనిపించలేదు. బండి చప్పుడు వినబడ్డాక వద్దామని ఇళ్ళలోనే ఉండిపోయారు. ఫాదర్ వచ్చేసరికి అరుగు మీద ఉపదేశమ్మా, నేనూ, ఇద్దరు ముసలివాళ్ళూ ఉన్నాం. ఆయన కోప్పడలేదు. అలసిపోయిన గొంతుతో, నేను ఒక్కడినే, తిరగాల్సిన ఊళ్ళు చాలా ఉన్నాయి, వచ్చేసరికి మనుషులు లేకపోతే ఇక్కడ పూజ నెలకొకసారి పెడతాను, మిగతా వారాలు బోధన్ రండి అన్నారు. బస్సు ఎక్కలేని మా ముసలివాళ్ళకు ఆ మాటకు అర్థం ఒకటే, మిగతా వారాలు పూజ లేనట్టే.

ఉపదేశమ్మ చేతులు జోడించి మెల్లగా చెప్పింది.

"తడిపిన ఆకు ఆగది ఫాదర్. ఆళ్ళు కూసోవాలంటే చాట గూడ కూసోవాలె."

చివరికి ఫాదర్, చాటలను అరుగు దాటి లోపలికి మాత్రం రానివ్వకండి అన్నారు. చాటలు తిరిగి వచ్చాయి. కానీ ఆయన అన్న నెలకొకసారి మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం నేను అరుగు మీది తలలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఉపదేశమ్మకు ఏ దిగులూ లేదని, ఆమెది గట్టి గుండె అని అనుకునేదాన్ని.

ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, మంగళవారం, ఆసుపత్రికి వెళ్ళాను. ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి, ఆదివారం ఎవరు కూర్చోబెడతారని అడిగింది. నువ్వే లేచి వస్తావులే అవ్వా అన్నాను. బడిలో పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పే టీచర్‌ని, ఆమె దగ్గర ఆడేశాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"నువ్వే కూసోవెట్టాలె బిడ్డా."

నాతోని కాదు అవ్వా అన్నాను.

"నాతోని గూడ కాలే. ఎన్నడు లేసిపోతరో అని బుగులుతోనే కూసున్న. నేను కూసున్నని ఆళ్ళు గూడ కూసున్నరు. గంతే."

ఇన్నేళ్ళూ ఆమె పక్కనే కూర్చొని ఆ భయాన్ని నేను చూడలేదు.

శుక్రవారం సమాధి చేశాం. ఆ రోజు ఫాదర్ చెప్పిన వేళకంటే ముందే వచ్చారు. ఇన్నాళ్ళకు ఆమె ఆయన కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేకపోయింది.

మొన్న ఆదివారం గంట నేనే కొట్టాను. జనం బాగానే వచ్చారు, కొత్త విధవరాలి ఇంటికి వచ్చినట్టు తలలు దించుకొని వచ్చారు. తొమ్మిదిన్నర అయింది, పది దాటింది. ఫాదర్ ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. ఎండ అరుగు మీదికి వచ్చింది. మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి చెప్పులు వెతుక్కోసాగారు. ఒకామె చాట నెత్తిన పెట్టుకోబోయింది. ఏం చేయాలో తోచక గబుక్కున కింద కూర్చొని జపమాల మొదలుపెట్టాను.

జపమాలలో ప్రభువు జీవితంలోని ఘట్టాలను దేవరహస్యాలని రోజుకో వరుస తలుచుకుంటాం; ఆదివారం చెప్పాల్సినవి ఆయన తిరిగి లేచిన మహిమ దేవరహస్యాలు. నా నోటి నుంచి వచ్చినవి ఆయన శ్రమపడి చనిపోయిన దుఃఖ దేవరహస్యాలు. ప్రభువు తోటలో వేదనపడిన రహస్యం అని చదివాక గానీ నాకు తెలియలేదు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఏ రోజుకు ఏ రహస్యమో కంఠతా వచ్చు. పక్కనున్న ముసలామె నా మోచేతిని పొడవబోయి, ఎందుకో ఆగి, కళ్ళు మూసుకుంది. అరుగు మీది వాళ్ళంతా జపంలో రెండో సగం అందుకొని, తప్పు రహస్యానికి జవాబు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పులు వేసుకున్నవాళ్ళు విప్పి మళ్ళీ కూర్చున్నారు. చాట ఎత్తిన ఆమె దించింది. మేమంతా ఏడుస్తూనే చెప్పాం.

సిలువ మోసే రహస్యం దగ్గర వెనక నుంచి ఒక మగ గొంతు కొత్తగా కలిసింది. తిరిగి చూడాలంటే భయం వేసింది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనేమోనని, ఆ రహస్యానికి చెప్పే పది పూసలూ అయ్యాకే చూశాను. దారిలో బండి చెడిపోయిందట, తోసుకుంటూ వచ్చారు కాబట్టి చప్పుడు వినబడలేదు. ఆడవాళ్ళు చాటలు పక్కకు జరిపి ఇచ్చిన కాస్త చోటులో, దుమ్ము కొట్టుకుపోయిన తెల్ల అంగీతో, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకొని, తప్పు రహస్యానికి మా అందరితోపాటు జవాబు చెబుతూ ఫాదర్ అరుగు మీద కూర్చొని ఉన్నారు.