పేరు చెప్పమని కొట్టారు

ఈ రోజు ఎమ్మిగనూరులో ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరుగారు మా చెల్లెలు మేరికి పట్టిన దయ్యాన్ని వదిలిస్తానన్నారు. ఆదోని డాక్టరు ఇచ్చిన మనోవ్యాధి మాత్రలను పాస్టరుగారే పోయిన నెల మాన్పించారు. విశ్వాసం లేనివాళ్లే వాటిని మింగుతారట.

మేరి తల మీద నూనె పోసి, జుట్టు పట్టుకుని, చెంప పగలగొట్టారు.

"దయ్యమా, నీ పేరు సెప్పు!"

"మేరి."

మళ్లీ కొట్టారు. పెదవి చిట్లి చీర మీద రక్తం పడింది. జనం హల్లెలూయ అన్నారు.

"అబద్ధం! నిజం పేరు సెప్పు!"

"నేనే అయ్యగారూ... లోపల ఇంగెవ్వరూ లేరు."

నేను లేచి ఆయన చెయ్యి మెలితిప్పాను. దయ్యం నాకూ పట్టిందని ఆయన అరిచారు.

ఇప్పుడు మాత్రల కోసం మేరిని తీసుకుని ఆదోని బస్సులో పోతున్నాను. నాకు పట్టినదాని పేరు అడిగితే, 'మేరి వాళ్లన్న' అని చెబుతాను. మీ మందిరంలో ఈ దయ్యం ఎవరికైనా పట్టిందా?