పెడల్ మీద నా కాలు

మా పక్కింటి అంకుల్ పోయారని శనివారం సాయంత్రం ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. పొద్దున్నే సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళిన మనిషి, దర్శనం చేసుకుని తిరిగివస్తూ, చెట్ల మధ్య వాలు రోడ్డు మీద కారులోనే పోయారట. సీట్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఆ మాట విని నేను ఏడవాల్సింది పోయి, ముందు నా కుడికాలి వంక చూసుకున్నాను. ఎందుకు చూసుకున్నానో చెప్పకుండా ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

అంకుల్‌ది గుంటూరు వైపు. సిడ్నీకి వచ్చి నలభై ఏళ్ళు దాటింది, ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఒక ఆకుపచ్చ పాత కారుండేది. వయసులో నాకంటే చాలా పెద్దది. ఏడాదికి రెండుసార్లయినా కంచె దగ్గరికొచ్చి, ఇంట్లో ఎవరికో ఒళ్ళు వెచ్చబడిందన్నట్టు, "పెడల్ మెత్తబడింది అమ్మాయ్" అనేవారు. అంటే బ్రేకుల్లో గాలి చేరిందని. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర నట్టు విప్పాలి. ఆంటీకి ఆ సీటంటేనే భయం. అందుకని ఆరేళ్ళుగా ఆ కాలు నాది.

నిజం చెప్పొద్దూ, నాకూ కొంచెం భయంగానే ఉండేది. గ్యారేజీలో దుమ్ము పడకుండా షట్టర్ సగం దించేవారు. కారు కిందికి దూరాక ఆయన నాకు కనిపించేవారు కాదు. నా కాళ్ళ కిందనుంచి గొంతు ఒక్కటే వచ్చేది. "తొక్కు." నేను తొక్కేదాన్ని. "పట్టు." అప్పుడాయన నట్టు విప్పేవారు. అంతదాకా ఎదురు నిలిచిన పెడల్ నిట్టూర్చినట్టు నా పాదం కింద మెల్లగా దిగిపోయేది. ఎక్కడో పాత ఆవకాయ సీసాలో బుడబుడమని ఆయిల్ పడేది. నట్టు బిగించాక "ఇక వదులు" అనేవారు. అంతకుముందే కాలు తీస్తే బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుందట. ఎన్నిసార్లు చేసినా, ఆ దిగడం దగ్గర నాకు ఒళ్ళు జలదరించేది.

"ఆయిల్ నమ్మకస్తురాలు తల్లీ, ఇక్కడ నొక్కితే అక్కడ పలుకుద్ది. గాలి అట్లా కాదు, నొక్కేకొద్దీ నవ్వుతా ముడుచుకుంటది" అని కిందనుంచే పాఠం చెప్పేవారు. నేను విసుక్కుంటే, "మీ ఐటీ వాళ్ళకి ఏదైనా రీస్టార్ట్ చేస్తే బాగవుద్ది. దీనికా బటన్ లేదు మరి" అని నవ్వేవారు. పనయ్యాక చినిగిన లుంగీ గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుని, బానెట్‌ని తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు గానీ టీ ముట్టేవారు కాదు. ఈ దేశంలో నాకు నాన్నలా కోప్పడింది ఆయనొక్కరే. ఆ కోపం ఇప్పుడు కావాలనిపిస్తోంది.

ఆఖరిసారి గాలి తీసింది ఆయన పోవడానికి రెండ్రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం. మూడు చక్రాలు అయ్యాయి. నాలుగోది, నా పక్కనున్న ముందు చక్రం. ఆయన "పట్టు" అన్నారు, పెడల్ దిగుతోంది. అంతలో డాష్‌బోర్డు మీదున్న చిన్న వెంకటేశ్వరస్వామి పటం జారి సరిగ్గా నా పాదం మీదికి వచ్చింది. దేవుడికి కాలు తగలకూడదని పుట్టినప్పటినుంచీ నూరిపోసిన ఒళ్ళు కదా, నేను ఆలోచించేలోపే కాలు వెనక్కి లాగేసుకుంది. కింద నట్టు ఇంకా విప్పే ఉంది. పెడల్ టక్కున పైకి లేచింది.

కింద సీసాలో బుడబుడ ఆగిపోయింది. తర్వాత గొంతు వచ్చింది.

"పట్టుకునే ఉన్నావా తల్లీ?"

పటాన్ని కళ్ళకద్దుకుంటూ, కాలు మళ్ళీ పెడల్ మీద పెడుతూ, "పట్టుకునే ఉన్నానంకుల్" అన్నాను. దేవుణ్ణి చేతిలో పెట్టుకుని మరీ అబద్ధమాడాను. నిజం చెబితే మళ్ళీ మొదలుపెడతారు, నాకేమో పావుగంటలో మీటింగ్. ఆయన "సరే, ఇక వదులు" అన్నారు.

ఆయన పోయిన మర్నాడు ట్రక్కు మీద కారుని తెచ్చి గ్యారేజీలో పెట్టారు. మా వంటింటి కిటికీలోంచి ఆ షట్టర్ కనిపిస్తుంది. ఎండెక్కే వేళకి లోపలినుంచి టింగు టింగుమని, ఎవరో స్పానర్ కింద పెట్టినట్టు వినిపించేది. రేకు వేడెక్కుతోందిలే అనుకునేదాన్ని. అన్నం కలుపుతుంటే నా కుడికాలు దానంతటదే నేలని నొక్కేది. నేల దిగుతున్నట్టే ఉండేది. వాలులో బ్రేకు పడక పెడల్ అడుగుదాకా పోతే, ఆ భయానికే గుండె ఆగిందా? డాక్టర్లకి గుండె సంగతే తెలుసు. పెడల్ సంగతి నాకు తెలుసు.

పదకొండో రోజు కార్యక్రమమయ్యాక గ్యారేజీ తీయమని ఆంటీని అడిగాను. ఎందుకని ఆమె అడగలేదు. సీట్లో కూర్చున్నాను. కాలు ముందుకు రానంది. చివరికి తొక్కాను. రాయిలా ఉంది. మళ్ళీ తొక్కాను. వెల్లకిలా పడుకుని ఎవరో అరచేత్తో కిందనుంచి ఆపి పట్టుకున్నట్టు, వెంట్రుకవాసి కూడా దిగలేదు. కిందికి వంగి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఏడుస్తూ ఆంటీకి జరిగిందంతా చెప్పేశాను.

"తెలుసులేమ్మా" అన్నారామె. "ఆ సాయంత్రమే నన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టారు. 'అమ్మాయి కాలు తీసినట్టుంది, గాలి పీల్చింది, నువ్వు రా' అని. లైఫ్‌లో ఫస్ట్ టైమ్ ఆ సీట్లో కూర్చున్నా. నీకు చెప్పొద్దన్నారు. 'పిల్ల ఫీలవుద్ది, మళ్ళీ పిలిస్తే రాదు' అన్నారు."

అంటే నన్ను అడిగినప్పుడే ఆయనకి తెలుసు. తెలిసీ, నా అబద్ధాన్ని సరేనన్నారు. నేను సీటు దిగలేక అక్కడే కూర్చున్నాను. ఆంటీ తలుపు పట్టుకుని, నావైపు చూడకుండా, పోలీసులు తనకి చెప్పింది చెప్పారు.

ఆయన వెనక ఒకతను యూట్‌లో, అదే వెనక తొట్టి ఉండే బండిలో, వస్తున్నాడట. వాలులో ఈ కారు మెల్లగా ఎడమకి జరిగి ఆగింది. బ్రేక్ లైట్లు వెలిగాయి. కంగారూ ఏదో రోడ్డు దాటుతోందేమోనని అతను కూడా ఆగాడు. ఎంతకీ కదలకపోతే హారన్ కొట్టాడు. తర్వాత దిగి వెళ్ళి చూశాడు. అప్పటికే అంకుల్ లేరు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి ఆయన కాలిని పెడల్ మీదనుంచి తీసేదాకా కారు జానెడు కూడా జారలేదట. అంతసేపూ ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో, యూకలిప్టస్ చెట్ల మధ్య, ఆ రెండు ఎర్ర దీపాలూ వెలుగుతూనే ఉన్నాయట.