రెండు డిస్కులకూ కుంకుమ

ఆదోనిలో మా పత్తి మిల్లుకు కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని నడపగలిగింది పద్మాబాయి ఒక్కతే. మఠంలో పూజలు చేసే తండ్రి పోయాక కర్నూలు వెళ్లి ఆ పని నేర్చుకుని వచ్చింది. ఆ జీతంతోనే తల్లిని పోషించేది. నేను పక్క గదిలో బేళ్ల తూకాలు చూసేవాణ్ణి.

ఎనభై ఎనిమిదిలో, లెక్కలకు చోటు చాలడం లేదని మిల్లు యజమాని నాగన్నశెట్టి రెండో హార్డ్‌డిస్కు పెట్టించాడు. యంత్రాన్ని లేపే సామగ్రి, లెక్కలు అన్నీ మొదటి డిస్కులో ఉన్నాయి. రెండోది ఖాళీ.

ఆయుధపూజ నాడు తక్కెడకు, లారీలకు బొట్లు పెట్టి, పెద్దగుమాస్తా భీమరావు కంప్యూటర్ దగ్గరకు వచ్చాడు. పైరేకుకు పెట్టిన బొట్టు లోపలి యంత్రానికి అందదని ఆయన నమ్మకం. మూత విప్పి, అడ్డమున్న తీగల పట్టీలు పీకి, రెండు డిస్కులకూ గంధం, కుంకుమ పెట్టి, పట్టీలు మళ్లీ తగిలించాడు.

పండుగ పోయాక పద్మాబాయి వచ్చి మీట నొక్కింది. సిస్టమ్ లేదన్న ఇంగ్లీషు ముక్క తప్ప తెర మీద ఏమీ రాలేదు.

"మూత ఎవరన్నా తీసినారా, రావుగారూ?"

"దేవుని పనికి తీసినాములేమ్మా. దానికేమయితాది?"

"పట్టీలు తారుమారైతే అది ఖాళీ డిస్కునే మొదటిదనుకుంటాది. ఫ్లాపీతో లేపి ఒక్కసారి చూడనీండి."

భీమరావు కుర్చీకి అడ్డం నిలబడ్డాడు. "ముందు ఇది చెప్పు. పండగ ముందర నువ్వు బయటున్నావంట. మీ పక్కింటి సరస్వతీబాయి చెప్పింది. ముట్టులో ఉండి మిషను తాకితే ఇట్లే అయితాది."

గదినిండా మగవాళ్లు. ఒకడు కిసుక్కున నవ్వాడు.

"ఆ దినాల్లోనే మీ జీతాల లెక్క చేసిచ్చినాను. ఆ జీతం తీసుకున్నప్పుడు మైల కాలేదా?" అంది పద్మాబాయి.

శెట్టి ఆమెను ఇంటికి పొమ్మన్నాడు.

హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి ఫ్లాపీతో లేపాడు. లెక్కలన్నీ రెండో డిస్కు పేరు కింద కనబడ్డాయి. మూత తీసి, "ఈ కుంకుమ ఎవరిది సార్? అటు పట్టీ ఇటు పెట్టారు" అని నవ్వుతూ మార్చాడు. యంత్రం లేచింది. శెట్టి అతనికి శాలువా కప్పాడు. భీమరావు గదిలో పుణ్యాహం చల్లించాడు. పద్మాబాయికి కబురు వెళ్లలేదు. మైల మాట మాత్రం ఎమ్మిగనూరు దాకా వెళ్లింది. ఏ మిల్లూ పని ఇవ్వలేదు. ఆమె అప్పడాలు ఒత్తి అమ్ముకుంది.

మరుసటి ఏడు ఆయుధపూజకు భీమరావు మళ్లీ మూత విప్పాడు. యంత్రం మళ్లీ పడుకుంది. ఇంజనీరు ఇప్పట్లో రాలేనన్నాడు. పద్మాబాయి తర్వాత చేరిన కుర్రాడికి ఆ పట్టీలు ముట్టే ధైర్యం చాలలేదు. శెట్టి వాచ్‌మన్ బజారిని పద్మాబాయి ఇంటికి పంపాడు. నేనూ వెంట వెళ్లాను.

"అమ్మా, శెట్టి రమ్మంటాండాడు. మిషను లేస్తాలేదు. నీ పని నీకిస్తాడంట."

తల్లి ఆశగా ఇటు చూసింది. పద్మాబాయి పీట మీద అప్పడం తిప్పి ఒత్తింది.

"నేను బయటున్నానని చెప్పు, బజారన్నా. తాకగూడదు."

బజారి ఆమె చేతులకంటిన పిండి వైపు చూశాడు. బయటున్నప్పుడు ఆ ఇంట్లో పిండి ముట్టనివ్వరని వాడికీ తెలుసు.

"అట్లే చెప్తానమ్మా" అని వెనక్కి తిరిగాడు.