బతుకమ్మలా పేర్చిన ఇంజన్ మూతలు

మొన్న బజారులో ఎవరో సైకిలు చైనును కిరసనాయిలుతో కడుగుతున్నారు. ఆ వాసనకు పాలకుర్తిలో మా బాపు కిరాయికి నడిపిన కారు గుర్తొచ్చింది.

ఒక ఏడు బాపు ఆ కారు ఇంజన్ మొత్తం తానే విప్పాడు. ఇంజన్ లోపల తిరిగే క్రాంకు అనే ఇరుసును పట్టి ఉంచే ఐదు ఇనుప మూతలను కిరసనాయిలుతో కడిగే పని నాకిచ్చాడు. బతుకమ్మ రోజులవి. మూతలన్నీ ఒకటే అనుకొని, పూలు పేర్చినట్టు తాంబాలంలో గుండ్రంగా పేర్చాను.

తీరా బోల్టులు బిగిస్తే క్రాంకు కదల్లేదు. బాపు మూడుసార్లు విప్పి బిగించాడు. మూడుసార్లూ పట్టేసింది. పక్కింటి మెకానిక్ మామ నవ్వాడు.

"స్టీరింగ్ తిప్పేటోనికి గీ పానాలు పట్టుడెందుకు బావా? రేపు బండిని నా షెడ్డుకు నెట్టిచ్చుకొని రా."

బాపు ముఖం చూడలేక లైబ్రరీకి పరుగెత్తాను. మోటారు పుస్తకం సగం అర్థం కాలేదు గాని, ఏ మూత చోటు దానిదేనని, మారితే క్రాంకు తిరగదని తెలిసింది.

"బాపూ, మూతలు నేనే కలగలిపిన," అన్నాను.

"ఏందే?"

"వాటి మీద చుక్కలుంటయట. బుక్కుల ఉంది."

బాపు గుడ్డతో తుడిచి చూశాడు. ఒకదాని మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు, అలా ఐదు దాకా. ఆ వరుసలో బిగిస్తే క్రాంకు చేత్తోనే తిరిగింది.

"ఓ బామ్మర్దీ, జర ఇటు రా! మా బిడ్డ సదివి పట్టింది!" వాడకట్టంతా వినేలా కేకేశాడు బాపు. నా కాళ్లు నేలమీద నిలవలేదు.

తర్వాత ఏళ్ల తరబడి కారెక్కిన ప్రతివారికీ ఆ కథ చెప్పాడు. మూతలు కలగలిపిందెవరో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.