రెండు ఎక్స్‌ల సుందరం

సుందరానికి ఒకటే పిచ్చి. పుటలో ఉన్న అక్షరానికీ, అదే పుటలోని బొమ్మలో ఉన్న అక్షరానికీ పోలిక కుదరకపోతే ఆ కాగితాన్ని దుకాణం గడప దాటనివ్వడు. బీదర్‌లో ఉస్మాన్‌గంజ్ వెనక గల్లీలో అతని డీటీపీ దుకాణం. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక విరిగిన కుర్చీ. ఆ కుర్చీ వచ్చిన గిరాకీకి. అందులో ఎన్ని నెలలు కూర్చోవాలో మౌనశ్రీకి ముందుగా ఎవరూ చెప్పలేదు.

అతని పెళ్లి కార్డే పెళ్లికి అందలేదు. వరుడి పేరు లావుగా, వధువు పేరు సన్నగా వచ్చిందని నాలుగుసార్లు దిద్దాడు. చివరికి చుట్టాలను ఫోన్లు చేసి పిలుచుకున్నారు. మేనమామ ఈరయ్య పోయినప్పుడు ఫొటో కింది అంకెల తీరు, పైనున్న తేదీ అంకెల తీరు కలవలేదని మొండికేశాడు. దశదినకర్మ కార్డు నెల మాసికానికి చేతికొచ్చింది.

"పోయినోడు ఏడికి పోతడత్తా, తొందరేమున్నది?" అన్నాడట. ఆ అత్త నేటికీ అతనితో మాట్లాడదు.

అలాంటివాడి చేతిలో పడింది, మౌనశ్రీ అచ్చుకు తెచ్చిన సాంబయ్య సార్ లెక్కల పుస్తకం. చింతకి అనే ఊరి నుంచి వచ్చి ముప్పైరెండేళ్లు పీయూసీ పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. సుందరానికీ చెప్పారు, ఇప్పుడు అదే కాలేజీలో పాఠం చెబుతున్న మౌనశ్రీకీ చెప్పారు. ఆయన కళ్లను నీటికాసుల జబ్బు తినేస్తోంది. ఈ చలికాలం దాటితే అక్షరం కనబడదని హైదరాబాద్ డాక్టరు తేల్చేశాడు. సార్ కోరిక ఒక్కటే. తన పుస్తకాన్ని తన కళ్లతో ఒకసారి చదువుకోవాలి.

లెక్కలను అచ్చుకు కూర్చడానికి లేటెక్ అని ఒక కంప్యూటరు భాష ఉంది. గ్రాఫులు గీయడానికి పైథాన్ అనే మరో భాషలో వేరే సరంజామా ఉంది. లోకమంతా గ్రాఫును ఫొటోలాగా తీసి పుటలో అంటించేస్తుంది. సుందరం మాత్రం ఆ రెంటికీ వియ్యం కలపాలని కూర్చున్నాడు. గ్రాఫులోని ప్రతి అంకె లేటెక్ దగ్గరికి పోయి, దాని చేతే అచ్చు వేయించుకుని, తిరిగొచ్చి గీత పక్కన నిలబడాలి. గ్రాఫులేమో నూట పద్దెనిమిది. ఒకటి కుదిరితే ఇంకొకటి తెర నిండా తప్పులు కక్కి ఆగిపోయేది.

"ఇంకెన్ని దినాలైతదన్నా?" అని అడిగేది మౌనశ్రీ.

"పేరాల ఎక్స్ వంగింది మేడం, గ్రాఫుల ఎక్స్ నిక్కింది. ఇద్దరు ఒక్క ఇంటోళ్ల లెక్క కనబడుతలేరు."

"సార్‌కు ఎక్స్ కాదన్నా, ఎదురుంగున్న మనిషే కనబడుతలేడు!"

"అందుకే మేడం," అని మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు.

మౌనశ్రీకి ఒళ్లు మండింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడితో ఏం వాదిస్తాం? ఒక అధ్యాయం పట్టుకుపోయి మరో దుకాణంలో ఇచ్చింది. వాళ్లు గ్రాఫులు అంటించి పూటలో చేతిలో పెట్టారు. సార్ భూతద్దంతో పేరాలు కూడబలుక్కుని చదివారు. గ్రాఫులోని అంకెలు చీమల్లా ఉన్నాయి.

"మంచిగొచ్చిందమ్మా గ్రాఫు," అన్నారు. ఆయన వేలు ఖాళీ మార్జిన్ మీద ఉంది.

మౌనశ్రీ జిరాక్సు దుకాణానికి పోయి ఆ పుటను పెద్దది చేయించింది. అంకెలన్నీ అలుక్కుపోయి మసి మరకల్లా వచ్చాయి. ఆమె గల్లీలోనే నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపుతోనే సుందరం మీదికి పోయింది.

సుందరం కంప్యూటరు వైపు తిరిగాడు. ఫైలు మొదట్లో అక్షరాల సైజు చెప్పే ఒక్క అంకె మార్చాడు. పదకొండును ముప్పై చేశాడు. పేరాలో అక్షరాలు గోలీలంత అయ్యాయి. గ్రాఫులోని ఎక్స్ కూడా అంతే పెరిగింది, ఎక్కడా చెదరలేదు.

"అంటించిన బొమ్మను సాగదీస్తే ఖరాబైతది మేడం. గిట్ల కలిపితే ఒక్కసారి చెప్తే చాలు, అన్ని పెరుగుతయ్." బల్ల కింద నుంచి రుబ్బురోలంత పుస్తకం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. "పెద్ద అచ్చరాలది పొద్దుగాలనే అయింది. సార్‌ది."

"ముందే చెప్పొద్దా అన్నా!"

"చెప్తే సార్ వద్దంటుండె. నా ఒక్కనికి గంత కాగితమా అని తిడుతుండె. మీ ఎంబడి ఈడికొచ్చిన మొదటి దినమే కాగితం ముక్కు కాడ పెట్టుకున్నడు. నేను చూసిన."

సార్ కిటికీ దగ్గర ఎండలో కూర్చుని, భూతద్దం లేకుండా నాలుగు రోజులు చదివారు. ఐదో రోజు ఇద్దరినీ పిలిపించారు.

"నలభై ఒకటో గ్రాఫు. గీడ రెండు కాదురా, మైనస్ రెండు. గాడిదా!"

మౌనశ్రీ మూడుసార్లు ప్రూఫు చూసినా దొరకని తప్పు అది. సార్ మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడే దిద్దుకస్త సార్," అని సుందరం చెయ్యి చాపాడు.

సార్ పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నారు. "ముట్టకు. అందరి పుస్తకాలల్ల దిద్దు. గిది నా కండ్లతోని నేను పట్టిన తప్పు. గట్లనే ఉండనీ."

సుందరం మొహం చూడాలి అప్పుడు. ఈరయ్య పోయినప్పుడు కూడా అంత విచారించలేదు.

మాఘం దాటకముందే సార్ చూపు పోయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం సుందరం వచ్చి ఆయనకు పేపరు చదివి వినిపిస్తాడు. లేచేముందు తప్పకుండా అడుగుతాడు. "సార్, పెన్సిల్ తెచ్చిన. గా మైనస్ పెట్టుకుందునా?"

సార్ తడుముకుని పుస్తకం మీద రెండు చేతులూ అడ్డం పెడతారు. "పో రా!" అని మనసారా నవ్వుతారు.

మౌనశ్రీ ప్రతి ఆదివారం అక్కడే ఉంటుంది. సుందరం చేతిలో పెన్సిల్ ఇంతవరకు చూడలేదు.