చెవితో వెతికే పాఠాలు

మొన్న సాయంత్రం అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపుల పక్కన టీ తాగుతుంటే వెనక నుంచి ఒక ఫోను గొంతు వినిపించింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు అది. అలవాటు లేని చెవికి ఒక్క ముక్క కూడా అందనంత వేగంగా పోతోంది. తిరిగి చూశాను. తెల్లకర్ర చంకలో పెట్టుకున్న ఒకమ్మాయి ఫోను చెవికి ఆనించుకుని ఏదో పాఠం వెతుక్కుంటోంది. ఆ వేగాన్ని నేను మొదటిసారి విన్నది చిక్కడపల్లిలో, అనసూయ మేడం బల్ల ముందు.

అనసూయ మేడం నారాయణగూడలో ఒక కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేవారు. నడివయసులో చూపు పోయింది. అయినా రిటైరయ్యేదాకా పాఠం మానలేదు. తరవాత చిక్కడపల్లి సందులో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని, ఉద్యోగ పరీక్షలు రాసే చూపులేని వాళ్ళ కోసం ఆడియో లైబ్రరీ పెట్టారు. తీరిక ఉన్నవాళ్ళు వచ్చి పుస్తకాలు చదివి రికార్డు చేసేవారు. ఆ రికార్డింగులన్నీ వెబ్‌సైట్లో పెట్టి, వెతుక్కునే ఏర్పాటు చేయడం నా పని. కంప్యూటర్ చదువు పూర్తిచేసి కవాడిగూడలోని మా ఇంటి నుంచి వెళ్ళి చేరిన మొదటి ఉద్యోగం అది.

నా సెర్చ్ సిద్ధం కాగానే గర్వంగా ఆవిడ ముందు ‘పంచాయతీ’ అని కొట్టి చూపించాను.

“ఎన్ని వచ్చినయ్?”

“చాలా వచ్చాయండీ. ఆ మాట ఉన్నవన్నీ వచ్చాయి.”

“అయితే కండ్లు మూసుకో, వాసంతీ. విను.”

నాకోసం కంప్యూటర్ గొంతు వేగం తగ్గించారు. ఒక పాఠం పేరు, దాని తరవాత ఇంకో పేరు, మళ్ళీ అలాంటిదే మరొకటి. ఎక్కడున్నానో, ఏది విన్నానో కాసేపటికే మరిచిపోయాను. విసుగొచ్చి కళ్ళు తెరిచాను.

“చూసేటోళ్ళకు పేజీ అంటే ఒక్క చూపు. మేము ఒక్కొక్కటి వినుకుంట కిందికి దిగాలె. నువ్వు వెతికిచ్చినవా? కుప్ప పోసినవ్.”

ఇంటికెళ్ళే దారంతా ఉడికిపోయాను. కానీ ఆవిడ అన్నది నిజం. మర్నాడు వెళ్ళి ట్యాగుల సంగతి చెప్పాను. ప్రతి పాఠానికీ కొన్ని చిన్న గుర్తుమాటలు తగిలిస్తాం: ఏ విషయం, ఏ పరీక్షకు, ఏ భాషలో, ఎవరి గొంతు. వినేవాళ్ళు వాటిలో రెండు మూడు ఎంచుకుంటే తక్కినవన్నీ పక్కకు తప్పుకుంటాయి. మేడం బల్ల మీద చరిచారు. “గదీ కావాల్సింది!”

అయితే అది చెప్పినంత తేలిక కాలేదు. చదివేవాళ్ళే ట్యాగులు పెట్టుకోమన్నాం. ఒకరు ‘చరిత్ర’ అని పెడితే ఒకరు ‘హిస్టరీ’ అన్నారు. ఒకటి ఎంచుకుంటే రెండోదాని కింద ఉన్న పాఠాలు కనబడకుండా పోయేవి. సిలబస్‌లో ఉన్న పేర్లే ఖాయం చేద్దామన్నాను. “సిలబస్ వెతుకుతదా? వెతికేటోళ్ళను అడుగు,” అన్నారు మేడం.

అలా పరిచయమయ్యాడు నర్సింలు. ముప్ఫై దాటినవాడు, అడిక్‌మెట్‌లో కిరాయి గదిలో ఉండి ఏళ్ళ తరబడి పరీక్షలు రాస్తున్నాడు.

“స్థానిక సంస్థలని ఎవరంటరు చెల్లె? నేనైతే సర్పంచ్ ముచ్చట అంట. పరీక్ష దగ్గరికొస్తే పొట్టి పాఠాలే కావాలె. గంట పాఠం అప్పుడెవరింటరు?”

ఒక విషయానికి ఒకే ట్యాగు పెట్టి, దాన్ని జనం ఎన్ని రకాలుగా పిలిచినా అక్కడికే చేరేలా చేశాను. పొట్టి పాఠాలకు ‘రివిజన్’ వచ్చింది. నా సొంత తెలివితో ‘సులువు’ అని ఇంకోటి కూడా పెట్టాను. వారం తిరక్కుండా నర్సింలు ఫోన్ చేశాడు.

“అది సులువని ఎవరన్నరు? నాకు సమజ్ కాలే. నాకే తెలివి లేదేమో అనుకున్న.”

మేడం నా వైపు తిరిగారు. “తీసెయ్. మనం పాఠం సంగతి చెప్పాలె గాని, వినేటోని సంగతి కాదు.”

ఇంతలో లైబ్రరీ కమిటీ పెద్దాయన వచ్చారు. “ఏ పాఠం ఎక్కడుందో అందరూ ఫోన్ చేసే అడుగుతున్నారు కదండీ, ఈ వెబ్‌సైట్ దేనికి? పాత పద్ధతిలో పెన్‌డ్రైవ్‌లు ఇచ్చేద్దాం. ఇది మూసేద్దాం,” అన్నారు.

“నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష దాక ఆగుండ్రి,” అన్నారు మేడం. ఆయన వెళ్ళాక నాతో మెల్లగా అన్నారు: “పెన్‌డ్రైవ్ కోసమైనా ఎవర్నో ఒకర్ని బతిమాలాలె. ఒక్కొక్క పేజీ చదివిపెట్టమని నేను ఎంతమందిని బతిమాలిన్నో! వీళ్ళు బతిమాలొద్దు.”

ఆ మాటతో నా ఉడుకుమోత్తనం పూర్తిగా పోయింది. మేడం పాఠాలు విని చెప్పేవారు, నేను ట్యాగులు సరిచేసేదాన్ని. పాతవన్నీ మొదటి నుంచీ మార్చాం.

పరీక్ష దగ్గరపడింది. మామూలుగా అయితే ఆ రోజుల్లో ఆఫీసు ఫోను ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. ఆ ఉదయం మాత్రం మోగలేదు. రిసీవర్ ఎత్తి చూశాను, బాగానే ఉంది. మేడం గదిలోకి పరుగెత్తాను.

“మేడం, ఎవరూ ఫోన్ చేయట్లేదండీ! వెబ్‌సైట్‌కి ఏదో అయింది.”

“పరేషాన్ గాకు. జర లోపల చూడు, వింటున్నరా లేదా?”

చూశాను. వింటున్నారు! ‘సర్పంచ్’ అని కొట్టి, ‘తెలుగు’, ‘రివిజన్’ ఎంచుకుని, తిన్నగా కావలసిన పాఠానికి వెళ్ళిపోతున్నారు. ఒకరి వెనక ఒకరు, ఎవరినీ ఏమీ అడక్కుండా. నేను చదివి వినిపిస్తుంటే మేడం ముఖం వెలిగిపోయింది. “అడిగే పనే లేదిగ!” అంటూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నా భుజం తడిమి పట్టుకుని గట్టిగా ఊపేశారు.

ఫలితాలొచ్చిన రోజు నర్సింలు మెట్ల మీంచే కేకలు పెడుతూ వచ్చాడు. గవర్నమెంట్ ఆఫీసులో ఉద్యోగం! కమిటీ పెద్దాయన కూడా అక్కడే ఉన్నారు.

“ఈసారి ఎవ్వర్నీ ఏమీ అడగలే మేడం!”

“మరి నాకు థ్యాంక్స్ కూడ చెప్పవా?”

“చెప్ప. నేనే వెతుక్కున్న, నేనే చదువుకున్న.”

మేడం కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. “గట్లుండాలె!” పెద్దాయన కూడా నవ్వేశారు. వెబ్‌సైట్ మూసే మాట మళ్ళీ ఎత్తలేదు.

మేడం ఇప్పుడు లేరు. లైబ్రరీ నడుస్తోంది, ట్యాగుల గురించి నర్సింలు ఇప్పటికీ నాతో పోట్లాడతాడు. నేను ఒక కంపెనీలో ఆసుపత్రుల కాగితాలు వెతికిపెట్టే పనిలో ఉన్నాను. ఈమధ్య కొత్తగా చేరినతను చక్కటి ట్యాగులు తయారుచేసి తెచ్చాడు. చదివి, “ఇవి వాడేదెవరు?” అన్నాను. “నర్సులు, మేడం.” “వాళ్ళనడిగావా?” తల అడ్డంగా ఊపాడు. వెంటనే అతన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను. సగం పేర్లు నర్సులు అక్కడికక్కడే కొట్టేయించారు. మిగిలిన వాటితో ఒక నర్సు తనకు కావలసిన కాగితం తనే తీసుకుని, మా ఇద్దరి వైపు చూడనైనా చూడకుండా వార్డులోకి వెళ్ళిపోయింది.