ఎల్కులకు తూటా ఎంచిన ఏడాది

మన దేశంలో నేను పశువుల డాక్టర్ని. ఈ కంగారూల దేశంలో, టూవూంబా ఊరికి గంట దూరంలో, మాంసానికి జింకల్ని పెంచే ఫారంలో మాత్రం పనివాణ్ణి. మన పట్టా ఇక్కడ చెల్లదు. వాళ్ల పరీక్ష పాసైతేనే గొడ్డు ఒంటి మీద డాక్టరుగా చెయ్యి వెయ్యాలి. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. మా ఆవిడ నర్సు. ఆమె చదువు చెల్లింది, నాది చెల్లలేదు. పొద్దున్నే ఆమె ఇస్త్రీ బట్టల్లో ఆసుపత్రికి వెళ్తుంటే నేను గమ్‌బూట్లు వేసుకుని పేడ ఎత్తడానికి పోయేవాణ్ణి. చర్చిలో మనవాళ్లు "పనెలా ఉందండీ డాక్టర్ గారూ" అని పలకరిస్తే, అది మర్యాదో ఎకసెక్కమో తెలియక ఒళ్లు మండేది.

ఫారం యజమానిని ఇంట్లో ఆసామి అనుకునేవాళ్లం. చెడ్డవాడు కాదు. ఆశపోతు, అంతే. ఎనభైల చివర్లో జింకల వ్యాపారం బంగారు బాతని అందరూ అంటుంటే నమ్మి, ఇక్కడి ఎర్రజింకలతో దాటించి సంకరజాతి పుట్టించడానికి ఎల్కులు తెప్పించాడు. ఎల్క్ కూడా జింకే గానీ, పోతు ఎదురుగా నిలబడితే మన గిత్త గుర్తొస్తుంది. అడ్డం తిరిగిన పిల్లను సరిచేసి లాగడం, గిట్టలు కోయడం, పుళ్లు కడగడం అన్నీ నేనే చేసేవాణ్ణి. కాగితం మీద మాత్రం ఊరి డాక్టరు చేసినట్టు. అయినా ఆ జింకల గుంపే నన్ను బతికించింది. వాటి దగ్గర ఉన్నంతసేపు నేనింకా డాక్టర్నేనని అనిపించేది.

తొంభైల మొదట్లో ధరలు పడిపోయాయి. వెంటనే వానలు కూడా మానేశాయి. గడ్డి పోయింది, తర్వాత గడ్డి వేళ్లు పోయాయి. కబేళా వాళ్లు బక్కవాటిని తేవద్దన్నారు. ఓ ఉదయం టీ తాగుతూ ఆసామి, "ఇక కాల్చేయాలి మేట్" అన్నాడు. నేను కప్పు కింద పెట్టాను.

"కంచె తీసి వదిలేద్దాం" అన్నాను.

"చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఎక్కడికి పోతాయి? పక్కోడి నేల మాత్రం పచ్చగా ఉందా?"

సూది మందుతో నిద్రపుచ్చొచ్చు, కానీ ఆ మందు వాడే అధికారం నాకు లేదు. అధికారం ఉన్న డాక్టర్ని పిలవడానికి ఆసామికి స్తోమత లేదు.

అటక మీద పెట్టెల కొద్దీ తూటాలున్నాయి. కంగారూల కోసం కొన్నవి. వాటితోనే కానిద్దామన్నాడు. కంగారూకి అవి సరిపోతాయి. గుండు చిన్నది, మహా వేగంగా పోతుంది, పైన రాగి తొడుగు పల్చన. తగలగానే లోపలి సీసం పొడిపొడి అయిపోతుంది. సన్నటి ఒంటికి అది చాలు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, ఇది ఏనుగు మీద వడిసెల. ఆ మాట నేను పైకే అన్నాను. "తుపాకీ ఎన్నాళ్లు పట్టావు నువ్వు?" అన్నాడు ఆసామి. నేనెన్నడూ పట్టలేదు.

మొదటి పోతును అతనే కాల్చాడు. గురి తప్పలేదు. ముందు కాలి పైన, భుజం మీదే తగిలింది. అయినా అది పడలేదు. విరిగిన కాలు వేలాడుతుంటే మూడు కాళ్ల మీద కంచె పొడుగునా పరుగు తీసింది. రెండో తూటా పొట్టలో తగిలింది. మూలకు చేరి మా వైపు తిరిగి నిలబడి నోరు తెరిచింది. ఎల్క్ అరుపు ఈలలా సన్నగా ఉంటుంది. ఈ రోజుకీ ఎక్కడైనా కెటిల్ కూస్తే లేచి బయటికి పోతాను.

అది చచ్చాక కోసి చూశాను. గుండు భుజం ఎముక దాటనే లేదు. కండ నిండా సీసం నలుసులు, రాగి తుంపులు. ఊపిరితిత్తుల మీద గీత కూడా పడలేదు. నెత్తురు చేతులతోనే ఆసామి దగ్గరికి వెళ్లి, "సరైన తూటా వచ్చేదాకా ఇంకోటి కాల్చావంటే రేపట్నుంచి నేను రాను" అన్నాను. ఈ దేశంలో నేను గొంతెత్తి మాట్లాడటం అదే మొదటిసారి. అతను కాదనలేదు. ఏడుస్తున్నాడు.

టూవూంబాలో తుపాకుల కొట్టుకి నేనే వెళ్లాను. కొట్టాయన పందులకా కంగారూలకా అని అడిగాడు. ఎల్కులకన్నాను. నన్ను ఎగాదిగా చూసి, మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. నాకు కావాల్సిందేమిటో నాకు స్పష్టంగా తెలుసు. తోలు, కండ, ఎముక దాటాలి, దాటినా ముక్కలు కాకూడదు. గుండె దగ్గరికి చేరేసరికి మొన మాత్రం పుట్టగొడుగులా విచ్చుకోవాలి, వెనక భాగం గట్టిగా నిలబడాలి. మరీ గట్టిదైతే సన్నటి చిల్లు పొడిచి అవతలికి పోతుంది, ఆ జంతువు గంటల తరబడి చస్తుంది. పశువుల ఒళ్లు గురించి కాలేజీలో నేర్చుకున్నదంతా ఆ బల్ల దగ్గర అక్కరకొచ్చింది. పరీక్షలో ఒక్క ప్రశ్నకైనా అంత తడుముకోకుండా జవాబు చెప్పలేదు నేను.

మూడూ కొని తెచ్చాను. పాత టెలిఫోన్ పుస్తకాలు నానబెట్టి, కట్టలు కట్టి, ముందు కసాయి కొట్లో తెచ్చిన ఎద్దు భుజం ఎముక పెట్టి, ఆసామి చేత ఒక్కో రకం కాల్పించాను. తడి కాగితాలు చీల్చి గుండ్లు వెతికాను. ఒకటి ముక్కలై దొరికింది. ఒకటి కొన్నట్టే ఉంది, మళ్లీ పెట్టెలో పెట్టుకోవచ్చు. బరువైనది, మందపాటి తొడుగున్నది, ముందు విచ్చుకుని వెనక నిలబడి దొరికింది. అదే అన్నాను. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తూటా ఎంత మంచిదైనా, జంతువు దగ్గరగా, పక్కకు తిరిగి, కదలకుండా నిలబడాలి. ఆసామిని చూస్తే అవి బెదిరిపోతున్నాయి. నన్ను చూస్తే బెదరవు. అందుకని దాణా బకెట్ పట్టుకుని గేటు దగ్గరికి నేనే వెళ్లాను. బకెట్ ఊపితే చాలు, ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. తొట్టిలో దాణా పోసి నేను పక్కకు తప్పుకునేవాణ్ణి. తల వంచి నోటినిండా తింటుండగా తూటా తగిలేది. తగిలిన చోటే కూలేది. కాలు విదిలించేది కాదు. అడ్డం తిరిగిన పిల్లను నేను లాగిన ఆ తల్లి కూడా వచ్చింది. ముందు నా చొక్కా వాసన చూసింది, తర్వాత దాణా వైపు తిరిగింది. ప్రతిదాన్నీ కోసి చూశాను. ప్రతిదాంట్లోనూ గుండు చేరాల్సిన చోటికే చేరింది. ఒక్కటీ బాధపడలేదు. అంతకు మించి వాటికి నేనేం చేయగలిగాను?

ఇంటికొచ్చి అన్నం కలుపుకోబోయి చెయ్యి కడిగేసుకున్నాను. మా ఆవిడ ప్రార్థన చేద్దామంది. చేసుకోమన్నాను. "మళ్లీ పరీక్ష కట్టండి, ఈసారి వస్తది" అంది. ఏ పుస్తకం తెరిచినా ఆ తొట్టి దగ్గరి తలలే కనబడేవి.

తర్వాతి వారం ఫోన్ మోగింది. మా ఆవిడ తీసింది. విని, రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది. ఆ ముఖంలో అంత వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదు.

"ఎవరోనండీ, ఫార్మరంట. డాక్టర్ గారున్నారా అంటన్నాడు. మిమ్మల్నే."

తీసుకున్నాను. కొండకు అవతల ఇంకో జింకల ఫారం ఆయనది. మా ఆసామి నా గురించి చెప్పాడట. ఏ తూటా వాడావు, ఎంత దూరం నుంచి, నువ్వొచ్చి బకెట్ పట్టుకుంటావా డాక్ అని అడిగాడు. తూటా పేరు చెప్పాను. ఆదివారం వస్తానన్నాను. నేను రానంటే ఆయన కూడా తన అటక మీది కంగారూ తూటాలు దింపుతాడని తెలుసు.

ఫోన్ పెట్టేసేసరికి ఆమె నా పక్కనే నిలబడి ఉంది.

"దేనికి పిలిచాడండీ? ఏం జబ్బంట వాటికి?"

"జబ్బేం లేదు" అన్నాను. "అన్నీ బాగానే ఉన్నాయంట. మేతే లేదు."

ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుంది. వాన పడేదాకా ఆ చుట్టుపక్కల ఫారాల నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరూ నన్ను డాక్టరనే పిలిచారు.